గీకకమ్మా!

న్యూ లిన్ స్టేషన్‌లో రైలెక్కి, ఇంటికి ఫోన్ చేసి కొత్త పని సంగతంతా తెలుగులో చెప్పాక, బ్యాగులోంచి గిఫ్ట్ కార్డులు తీశాను. ఉద్యోగం లేని నాకు ఒక మహానుభావుడు మెసేజ్‌ల్లోనే ‘మిస్టరీ షాపర్’ పని ఇచ్చాడు. మామూలు మనిషిలా దుకాణానికి వెళ్ళి, క్యాషియర్ ఎలా మాట్లాడిందో రాసి పంపాలి. నా ఖాతాలో డబ్బు వేసి, దానితో ఈ కార్డులు కొని, వాటి మీది పూత గీకి, కింద దాగిన నంబర్ల ఫోటో కూడా పంపమన్నాడు.

నాణెంతో గీకబోతుంటే, పక్కసీటులో వృద్ధుల కేర్‌హోమ్ యూనిఫాం వేసుకున్న ఆవిడ కార్డు మీద అరచెయ్యి పెట్టేసింది.

"గీకకమ్మా. నంబర్ పంపితే డబ్బంతా వాడిదైపోద్ది. నన్నూ ఇట్టాగే ముంచాడొక ఎదవ."

"డబ్బు ముందే వేశాడు కదా ఆంటీ?"

"అది దొంగ డబ్బు. బ్యాంకోళ్ళు నీ దగ్గర్నించే లాగేస్తారు. క్యాషియర్ ఎట్టా మాట్లాడిందో చెప్పడానికి నంబర్లెందుకు?"

అంతలో వాడే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను. ఫోటో ఏదని ఇంగ్లీషులో కసిరాడు. ఆవిడ ఫోన్ దగ్గరకు వంగి, నింపాదిగా తెలుగులోనే అంది.

"పని లేనోళ్ళ నోటికాడ కూడు లాక్కుంటున్నావు. థూ, అదీ ఒక బతుకేనా?"

వాడు ఫోన్ పెట్టేశాడు. ఆవిడ హెండర్సన్ స్టేషన్‌లో దిగిపోయింది.

మర్నాడు బ్యాంకులో చెప్పాను. అది మరొకామె ఖాతాలోంచి కాజేసిన డబ్బట. గీకని కార్డులు దుకాణంవాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఆమె డబ్బు ఆమెకు చేరింది.

రైల్లో ఆవిడ పేరు నేను అడగనేలేదు. వాడికి మాత్రం మెసేజ్‌కొక పేరుంది.