పెద్ద బండి, దాని తమ్ముడు

కొల్లేరు పొంగి రోడ్డెక్కిన ఏడాది, నీళ్లు హెడ్‌లైట్లను ముంచేస్తుంటే నా బండి పడవలా దూసుకుపోయింది. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బస్సులో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి నోళ్లు తెరుచుకుని చూశారు. నేను ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి వాళ్లకి ఊపుతూ వెళ్లాను. ఏలూరులో మా వీధి చివరి టీకొట్టు దగ్గర ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ నీళ్లు ఒక బెత్తెడు పెరిగేవి.

ఆ బండి గురించి చెప్పాలంటే దాని తమ్ముడి గురించి కూడా చెప్పాలి. రెండూ ఒకే కంపెనీవి. బెజవాడ షోరూములో పక్కపక్కనే నిలబెట్టి ఉండేవి. పెద్దది లారీలాగా ఇనుప చట్రం మీద కట్టిన బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి. గేరు రాడ్డు పక్కన ఇంకో బుల్లి రాడ్డు ఉంటుంది, బురదలో దిగబడినప్పుడు వాడటానికి. చిన్నదానికి మొహం అచ్చం అన్నదే గానీ ఒళ్లు మాత్రం కారుది. జానెడు ఎత్తు తక్కువ, వెడల్పూ తక్కువ. అందులోకి ఎక్కక్కర్లేదు, తలుపు తీసి కూర్చుంటే చాలు.

అమ్మే కుర్రాడు పెద్దదాని బానెట్ మీద చెయ్యి వేసి, గుర్రాన్ని చూపించినట్టు చూపించాడు.

"ఇది కొండలెక్కుతుందండి. ఇసుకలో దిగబడదండి. నడుం లోతు నీళ్లలో కూడా వెళ్లిపోతుందండి."

మా ఆవిడ నా వైపు తిరిగింది. "ఏవండీ, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా కొండెక్కడుందండీ?"

కుర్రాడు నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. మా ఆవిడ చిన్నదాని తలుపు తీసి, అందులో కూర్చుని, కాళ్లు చాపుకుంది. "ఇందులో మన ఇంట్లో మంచం మీద కూర్చున్నట్టుందండీ," అంది. అప్పటికే ఆవిడ మోకాళ్లు రెండూ అరిగిపోయాయని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఆ మాట విని కూడా నేను విననట్టే ఉన్నాను.

ఎందుకంటే, చిన్నదాన్ని అప్పటికే మా తోడల్లుడు బుక్ చేసేశాడు. మా ఆవిడ చెల్లెలి భర్త ఆయన. తాడేపల్లిగూడెంలో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను వరి పండించి, తరవాత చేపల చెరువులు తవ్వించి నాలుగు రాళ్లు వెనకేసినవాణ్ణి. మా ఆవిడ అక్కగారి భర్త, అంటే ఆ ఇంటి పెద్దల్లుడు, ఎప్పుడో కాలం చేశాడు. ఆ పీట ఇప్పుడు నాదే. తోడల్లుడు చిన్నది కొన్నాక నేనూ చిన్నదే కొంటే పెద్దల్లుడి మర్యాద ఏం కావాలి? డెబ్బై దాటినవాడి బుర్రలో ఆ రోజు తిరిగిన ఆలోచన ఇదే. కొండలూ కాదు, ఇసుకా కాదు.

బండి ఇంటికొచ్చిన వారానికే వడ్రంగి చేత ముక్కాలిపీట చేయించాను. అది వెనక డిక్కీలో ఉండేది. ఎక్కడికి వెళ్లినా నేను దిగి, డిక్కీ తీసి, పీట తెచ్చి తలుపు ముందు వేసేవాణ్ణి. ఆవిడ దాని మీద ఒక కాలు పెట్టి, లోపలి పిడి పట్టుకుని వేలాడితే, నేను వెనకనుంచి ఆసరా ఇచ్చేవాణ్ణి. మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల ముందు ఈ తతంగమంతా జరిగింది. స్త్రీల సమాజంలో పెద్దావిడ ఒకరు నిలబడి చూసి, "ఏమ్మా, అంబారీ ఎక్కుతున్నావా?" అంది. అందరితోపాటు మా ఆవిడా నవ్వింది. మూడో ఆదివారం నుంచి ఆటోలో వెళ్లడం మొదలుపెట్టింది.

"ఆటో ఎందుకే, బండి పెట్టుకుని?" అన్నాను.

"ఆటోకి పీట అక్కర్లేదు కదండీ."

అలా ఆవిడ ఆటోలో ముందు, నేను అంత బండిలో ఒక్కణ్ణే వెనక, చర్చికి వెళ్లిన ఆదివారాలు చాలా ఉన్నాయి. టీకొట్టు దగ్గర ఇది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన ఏడాది వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, కొల్లేరు అంచున ఒక ఊళ్లో ఉండే మా వదినగారు, అంటే మా ఆవిడ అక్క, మంచాన పడింది. ఒక ఉదయం ఆవిడ కొడుకు ఫోను చేశాడు. మా ఆవిడ స్పీకరు పెట్టింది.

"పిన్నీ, అమ్మ తెల్లారినప్పటినుంచీ నిన్నే అడుగుతోంది. ఏదో నీకే చెప్పాలంట, మాకు చెప్పనంటోంది. మాట తడబడుతోంది పిన్నీ. డాక్టరుగారు సాయంత్రం దాకా మాట ఉండడం కష్టమన్నారు. తొందరగా వచ్చెయ్యి."

పావుగంటలో బయల్దేరాం. దారిలో ఉండగా తోడల్లుడి ఫోను వచ్చింది. వాళ్లూ గూడెం నుంచి బయల్దేరారు.

"అన్నయ్యగారూ, ఊళ్లోకెళ్లే రోడ్డు మీద కల్వర్టు తవ్వేశారంటండీ. చేపల చెరువు గట్టు మీదనుంచే వెళ్లాలంట. నేను భీమడోలు రైల్వేగేటు దగ్గర ఆగుతాను. మీతో ఉన్న వదినగారిని మా బండిలో ఎక్కించెయ్యండి. మీ బండి వెడల్పు కదండీ, గట్టు మీద ఇబ్బందవుతుంది."

"నీ బండి వెళ్లే చోటికి నా బండి వెళ్లదా తమ్ముడూ? దీన్ని చేసిందే అలాంటి దార్ల కోసం!"

"ఆయనన్నట్టు చేద్దామండీ, ఈ ఒక్కసారికీ," అంది మా ఆవిడ.

భీమడోలు గేటు దగ్గర చిన్న బండి పక్కన నిలబడి మా మరదలు చెయ్యెత్తింది. నేను హారన్ కొట్టి ముందుకి పోనిచ్చాను. మా ఆవిడ సీట్లో వెనక్కి తిరిగి, కనిపించినంతసేపూ చెల్లెల్ని చూస్తూనే ఉంది.

గట్టు పొడవు మైలు ఉంటుంది. ఇటు చెరువు, అటు చెరువు. రెండు పక్కలా సర్కారు తుమ్మ పెరిగి కొమ్మలు దారి మీదికి వాలి ఉన్నాయి. సగం దూరం వెళ్లి ఆపేశాను. "ఇంక వెళ్లదు," అన్నాను. వెనక చిన్న బండి వచ్చి ఆగింది. నేను అడ్డు తొలగితే తప్ప అది ముందుకెళ్లే దారి లేదు.

నేను దిగి పీట తెచ్చేలోపే మా ఆవిడ దిగిపోయింది. ఎలా దిగిందో నాకు తెలియదు. చెప్పులు చేత్తో పట్టుకుని, మెత్తటి మట్టిలో, ఒక్కో అడుగుకీ మోకాలి మీద చెయ్యి ఆనించుకుంటూ నడవడం మొదలుపెట్టింది. వెనక బండిలోంచి మా మరదలు కూడా దిగి, నా బండి పక్కనుంచి ఒదిగి ఒదిగి వచ్చి, "అక్కా, ఉండవే, నా భుజం పట్టుకో," అంటూ ఆవిణ్ణి అందుకుంది. అర మైలు నడక వాళ్లది.

తోడల్లుడు తన బండిని అయిదు నిమిషాల్లో వెనక్కి తీసుకుపోయాడు. నాకు అరగంట పైనే పట్టింది. వెనక కెమెరా కీచుకీచుమంటూనే ఉంది. ఇటు తిప్పితే చెరువు, అటు తిప్పితే చెరువు. బయటపడ్డాక ఆయన నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ అదే గట్టు మీదికి పోనిచ్చాడు. తుమ్మముళ్లు రెండు పక్కలా కర్రుమంటూ గీసుకుంటుంటే, నాకు ఒళ్లు జలదరించింది. ఆయన ఒక్కసారి కూడా అద్దంలోకి చూడలేదు.

మేం వెళ్లేసరికి మా ఆవిడ మంచం పట్టె మీద కూర్చుని అక్క చెయ్యి పట్టుకుని ఉంది. కాళ్లు మోకాళ్ల దాకా బురద. వదినగారి కళ్లు తెరిచే ఉన్నాయి, మా ఆవిడ మొహం మీదే ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి గానీ మాట లేదు.

"పిన్ని వచ్చేసరికే మాట పడిపోయింది, పావుగంట అయ్యుంటుంది," అన్నాడు వాళ్లబ్బాయి మెల్లిగా. "అందాకా 'చెల్లి వచ్చిందా, చెల్లి వచ్చిందా' అంటూనే ఉంది బాబాయ్."

రెండు రోజులకి ఆవిడ పోయింది. ఏం చెప్పాలనుకుందో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ వంట మధ్యలో గరిట ఆపి మా ఆవిడ ఆలోచిస్తుంది. "అమ్మ కుట్టుమిషను సంగతై ఉంటుందండీ." మర్నాడు, "కాదులెండి, చిన్నప్పుడు మా ఊరు ఉండిలో నేను పంటకాలవలో పడితే జుట్టు పట్టుకుని లాగింది, ఆ సంగతై ఉంటుంది." ఇంకోరోజు ఇంకోటి. నేను ఊఁ కొడతాను. అంతకన్నా ఏం చేయగలను?

ఇంతదూరం వచ్చాక దాచడం ఎందుకు? ఆ హెడ్‌లైట్ల దాకా నీళ్లు అబద్ధం. పది గజాల మేర చీలమండ లోతు నీళ్లు, అంతే. ఆగిన లారీ ఒక్కటే, అదీ టైరు పంక్చరై. నా ముందు పాలక్యాన్ల ఆటో ఒకటి నాకన్నా జోరుగా పోయింది. ఆ బుల్లి గేరు రాడ్డు కూడా ఇన్నేళ్లలో ఒక్కసారి, మా వీధి చివరి ఖాళీ స్థలంలో, సరదాకి వేసి చూశాను.

గట్టు సంగతి మాత్రం ఉన్నదున్నట్టే రాశాను. గట్టు వెడల్పు నా బండికి చాలలేదు. అక్కడ ఎవరున్నా ఆపాల్సిందే. తప్పంతా షోరూములో జరిగింది. ఆ రోజు మా ఆవిడ కూర్చున్న బండే కొని ఉంటే, అక్కాచెల్లెళ్లకి ఆ పావుగంట దక్కేది.

ఇక్కడిదాకా రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. గోంగూర ఆకు తుంచుతూ మొదటినుంచీ చివరిదాకా వింది. పీట దగ్గర కొంచెం నవ్వింది కూడా. అయ్యాక చేట పక్కన పెట్టింది.

"గట్టు చాలలేదని రాశారేంటండీ? చేపల మేత లారీ రోజూ వెళ్లేది ఆ గట్టు మీదనుంచే కదా. మీరు ఆగింది తుమ్మముళ్లకి. కొమ్మ ఒకటి తలుపుకి రాసుకోగానే బ్రేకేశారు. దిగి, గీత పడిందేమోనని వేలితో రుద్ది చూసుకున్నారు. నేను నడుస్తూ వెనక్కి తిరిగి చూశానండీ. మీరు నాకేసి చూడట్లేదు, తలుపుకేసి చూస్తున్నారు."