కోడిపిల్లల కోసం కట్టిన దారాలు

పెరట్లో కోళ్ళు పెంచడం నా ఆలోచన కాదు. మా అత్తగారు మేడిపల్లి నుంచి బస్సులో ఒక పెట్టను సంచిలో పెట్టుకుని వచ్చింది. "గీ అల్లునికి ముచ్చట్లు తప్ప ఇంకేం రావు, గుడ్లన్న తినుండ్రి" అని మా ఆవిడ చేతిలో పెట్టి పోయింది. ఆమె మాట నిజమే. ఏడో తరగతిలో బడి మానేసి సిరిసిల్లలో సాంచల మీదికి, అంటే మరమగ్గాల మీదికి, వచ్చినవాణ్ణి. ఆ మోతలో పక్కవాడికి మాట వినపడాలంటే గట్టిగా ఉండాలి. వినాలనిపించాలంటే నవ్వు రావాలి. నేను చదివిన చదువు అదొక్కటే.

పెట్ట పదకొండు పిల్లలను లేపింది. నాలుగో రోజు నుంచి గద్ద రావడం మొదలైంది. మా ఇల్లు ఊరి చివర, వెనక అన్నీ వరి మళ్ళు. కరెంటు తీగ మీద కూర్చుంటే మా పెరడు దానికి వడ్డించిన విస్తరి. పెట్ట గొంతులో కర్రుమని శబ్దం చేయగానే పిల్లలన్నీ దాని రెక్కల కిందికి దూరేవి. దూరంగా పోయిన ఒక్కటి మాత్రం దొరికిపోయేది. వారంలో పదకొండు కాస్తా ఏడయ్యాయి. నా పాత చొక్కా తొడిగి దిష్టిబొమ్మను నిలబెట్టాను. గద్ద వచ్చి సరిగ్గా దాని నెత్తి మీదే కూర్చుంది.

"నీ అంగి గదా, గందుకే భయపడలె. ఇంట్లనే ఎవరు భయపడ్తలేరు, గద్ద భయపడ్తదా?" అంది మా ఆవిడ.

నాకు అప్పుడు కార్ఖానా గుర్తొచ్చింది. కండెల మీద మిగిలిపోయిన పాలిస్టర్ దారం అక్కడ ఒక మూల గుట్టగా పడి ఉంటుంది. సంచి నిండా తెచ్చి, ఆరు పోగులను ఒక్కటిగా కలిపి పేనాను. ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డం, నిలువు, మూరెడు దూరానికొకటి కట్టాను. గద్ద ఒకసారి దిగబోయి, రెక్క తగిలి, ఎట్లాగో తప్పించుకుని లేచిపోయింది. మళ్ళీ రాలేదు. ఇక నా గొప్పలకు అడ్డేముంది? గల్లీలో అందరినీ పిలిచి చూపించాను. "గద్దకు చీర నేసిన, చూడుండ్రి" అన్నాను.

గోడ అవతలి ముసలవ్వ ఒక్కతే నవ్వలేదు. చాలాసేపు మెడ ఎత్తి చూసింది.

"దారం సన్నగున్నది కొడుకా. పిట్టలకు కానస్తదా? నాలుగు గుడ్డపీలికలన్న కట్టు."

"కానరాకుంటనే గదా అవ్వా మజా" అన్నాను. పీలికలు కట్టలేదు.

దసరా వచ్చింది. మా దగ్గర ఆ రోజు పాలపిట్ట కనపడితే ఏడాదంతా మంచి జరుగుతుందంటారు. సాయంత్రం జమ్మికి పోయి, చేన్ల దిక్కు నడిచి, తీగల మీదా తుమ్మల మీదా దాని కోసం వెతుకుతాం. ఆ పొద్దున సాంచలు బంద్. మా ఆవిడ మాంసం కుక్కర్‌లో పెట్టి, గిన్నెలు తోమడానికి వెనక్కి పోయి, అక్కణ్ణుంచే కేక వేసింది.

"ఓయ్, గిటు రా! పాలపిట్ట చిక్కింది!"

మిడతల కోసం దిగి ఉంటుంది. ఒక రెక్కకు దారం చుట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. కొట్టుకున్నప్పుడల్లా రెక్కలో నీలం తెరుచుకుంటోంది. గరగరమని అరుస్తోంది. నా చెయ్యి జేబులోకి పోయింది. తెగిన పోగులు కత్తిరించే చిన్న కత్తెర సాంచల పనివాడి జేబులో ఎప్పుడూ ఉంటుంది. కత్తెర బయటికి తీశాను కూడా.

అంతలో గోడ మీద రెండు తలలు లేచాయి. నాతో పనిచేసే పిల్లగాళ్ళే.

"ఏందన్నా గది?"

ఆ కత్తెరతో అప్పుడే రెండు పోగులు కత్తిరిస్తే అయిపోయేది. కానీ నోట్లోకి మాట వచ్చేసింది.

"ఈసారి చేన్ల పొంటి తిరిగే పని లేదు. పాలపిట్ట దర్శనం మా ఇంట్లనే. లైన్ల నిలబడుండ్రి!"

వాళ్ళు పడీపడీ నవ్వారు. కల్లు ఎక్కినట్టు ఆ నవ్వు నాకు ఎక్కింది. వాళ్ళు పోయి ఇంకో నలుగురిని తీసుకొచ్చారు. ఆ నలుగురి వెనక ఆడవాళ్ళు వచ్చారు. కొందరు దండం పెట్టారు, కొందరు ఫోన్లలో ఫోటోలు తీశారు. నేను పిట్ట పక్కన పూజారిలా నిలబడి ఒక్కొక్కరిని ముందుకు పిలుస్తున్నాను.

అవ్వ గోడ మీంచి అంది, "ముందు ఇప్పురా కొడుకా. దాని పానం పోతున్నది."

"జర ఆగవ్వా, గా మూలింటి బావ ఇంకా రాలె. ఆయనకే దర్శనం అవసరం."

మళ్ళీ నవ్వులు. కాసేపటికి పిట్ట కొట్టుకోవడం ఆపింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. అది చూసి నేనన్న మాట ఇక్కడ రాయకుండా వదిలేద్దామనుకున్నాను. కానీ రాస్తున్నది అందుకే కదా.

"చూసిండ్రా, అలవాటు పడ్డది" అన్నాను.

దానికీ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. లోపలికి పోయి పొయ్యి ఆపేసింది. మా ఇంట్లో మాంసానికి కుక్కర్ ఎనిమిది కూతలు వేయాలి. పిట్ట వేలాడుతున్నంతసేపూ అవి ఒక్కొక్కటే వినపడుతూనే ఉన్నాయి. అంతసేపూ కత్తెర నా చేతిలోనే ఉంది.

జనం పలచబడ్డాక దారం కత్తిరించాను. సాంచ మీద దినానికి ఎన్నిసార్లు తెగి నాకు తిట్లు తినిపించే దారమో. నేను పేనినందుకు తెగలేదు. రెక్క మొదట్లో మాంసంలోకి దిగిపోయి ఉంది. పిట్ట నా అరచేతిలో ఏ బరువూ లేకుండా పడుకుంది. అవ్వ గోడ మీంచి రెండు చేతులూ చాపింది. ఇచ్చేశాను. ఒళ్ళో పెట్టుకుని, తడిపిన కొంగు కొసతో దాని ముక్కు మీద చుక్కచుక్కగా నీళ్ళు వదిలింది.

"గిది కోడిపిల్లల్ని ఎత్కపోతదా కొడుకా?" అని అడిగింది. తిడితే బాగుండేది. ఊరికే, తెలియక అడిగినట్టు అడిగింది.

పిట్ట మధ్యాహ్నానికి చచ్చిపోయింది. అవ్వే తన చిక్కుడు పాదు పక్కన గుంత తీసింది. నేను తవ్వుతానంటే వద్దంది.

నేను దారాలన్నీ విప్పేశాను. మా ఆవిడ కోడిపిల్లలను పట్టి గంప కింద వేసింది. ఆ మాంసం ఇద్దరం తినలేదు.

సాయంత్రం జమ్మికి పోకపోతే అడుగుతారని పోయాను. జమ్మి ఆకు చేతిలో పెట్టుకుంటూ, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటూ, అందరూ ఏటా అడిగే మాటే అడుగుతున్నారు: "పాలపిట్టను చూసినవా?" మా గల్లీవాళ్ళు "చూసినం, చూసినం" అంటున్నారు. ఎక్కడ చూశారో ఒక్కరూ చెప్పడం లేదు. పొద్దున అంత నవ్విన పిల్లగాళ్ళు నా దిక్కు చూడడం లేదు. ముస్తాబాద్ నుంచి పండగకు వచ్చిన ఒక పెద్దమనిషి, నన్నెరగనివాడు, నా చేతిలో ఆకు పెట్టి నవ్వుతూ అడిగాడు.

"నువ్వు చూసినవా తమ్మీ?"

నా మాట కోసం చుట్టూ ఉన్నవాళ్ళు ఆగారు.

"చూసిన" అన్నాను.

"ఇగ ఏడాదంత నీకు మంచే" అని వీపు తట్టి పోయాడు.