కుంకుమ పట్టిన ఫ్యాను

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది జూన్‌లో నాకు డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసరుగా ప్రమోషన్ ఇచ్చి, కరీంనగర్ నుంచి ఆసిఫాబాద్ వైపు ఒక ప్రభుత్వ ఐటీఐకి పంపారు. ఈ హోదా తరగతిలో పాఠం చెప్పే అసిస్టెంటుకు పైన, ట్రైనింగ్ ఆఫీసరుకు కింద. జీతం కొంచెం పెరుగుతుంది, సంతకాలు చాలా పెరుగుతాయి. కంప్యూటర్ ల్యాబు నా చార్జిలోకి వచ్చింది. అక్కడ సగం యంత్రాలు బట్టలు కప్పుకొని గోడవారగా ఉన్నాయి. వాటిని కండెమ్ చేయాలని, అంటే పనికిరావని కమిటీతో తేల్చి లెక్కలోంచి తీసేయాలని, స్టోర్‌కీపర్ మొదటిరోజే కాగితాలు తెచ్చాడు. నేను సంతకం పెట్టలేదు. దసరా సెలవులు వచ్చేనాటికి వాటిలో చాలావరకు ట్రైనీల చేతుల కింద నడుస్తున్నాయి. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం ఏమీ లేదు.

వాటిని లేపి నిలబెట్టింది నా తాళాలగుత్తికి వేలాడే పెన్‌డ్రైవు. అందులో లినక్స్ ఉండేది. కంప్యూటర్లో ఉన్న విండోస్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవు నుంచే యంత్రాన్ని నడపవచ్చు. మెమరీని పరీక్షించేది, లోపల వేడి ఎంతుందో చూపేది, చెడిన డిస్కుకు నకలు తీసేది, పోయిన ఫైళ్లను వెతికేది, అన్నీ అందులోనే. ఎక్కడెక్కడి వాళ్లో రాసి, లోపలి రాత కూడా దాచకుండా లోకానికి వదిలిపెట్టిన పనిముట్లు అవి. ఇంటర్నెట్‌లో 'ఫ్రీ' అని ఊరించే రకం వేరే ఉంది. పోయిన ఫొటోలన్నీ కళ్లముందు చూపించి, తీరా దాచుకోబోతే డబ్బు కట్టమంటాయి. ఈ రెంటికీ తేడా తెలిస్తే సగం విద్య వచ్చినట్టేనని క్లాసులో చెప్పేవాణ్ణి. నా కట్టుబాటు ఒక్కటే: ముందు నకలు, ఆ తరువాతే మరమ్మతు.

దసరా సెలవులయ్యాక సంస్థ తెరిచిన రోజు పొద్దున్నే రేణుక వచ్చింది. కరీంనగర్‌లో నా దగ్గర కంప్యూటర్ కోర్సు చేసిన అమ్మాయి. పెళ్లయి ఆసిఫాబాద్ వచ్చి బజారులో ఫొటో స్టూడియో పెట్టుకుంది. భర్త మస్కట్‌లో డ్రైవరు. స్టూడియోను ఆమె, ఆమె అత్త రాజవ్వ చూసుకునేవాళ్లు. ఇద్దరూ చెరోవైపు పట్టుకొని ఆటోలోంచి కంప్యూటర్ క్యాబినెట్‌ను దించారు.

"సారూ, మిషిను ఆన్ అయితది, జరసేపట్ల బందైతది. ఇయ్యాల ఫొటోలున్న డ్రైవు తెరుస్తె ఫార్మాట్ చెయ్యాల్నా అని అడుగుతుంది. నేనేం ఒత్తలే. ప్లగ్గు పీకి తీస్కొచ్చిన," అంది రేణుక.

ఒత్తకపోవడమే ఆమె చేసిన మేలు. నా శిష్యురాలే అనిపించింది. అయితే రెండో నకలు తీసి పెట్టుకోవాలన్న పాఠం మాత్రం పెళ్లిళ్ల హడావిడిలో వాయిదా పడింది.

ఆ డ్రైవులో ఉన్నది శ్రావణంలో తీసిన ఒక పెళ్లి. పెళ్లికూతురి తండ్రి మస్కట్‌లో రేణుక భర్త ఉండే క్యాంపులోనే ఉంటాడు. సెలవు దొరక్క బిడ్డ పెళ్లికి రాలేకపోయాడు. తోటివాడి భార్య అన్న నమ్మకంతో ఫొటోల పని రేణుకకు ఇప్పించాడు. సెలవు మీద వచ్చిన ఊరివాడొకడు ఆ వారమే తిరిగి మస్కట్ పోతున్నాడు, ఆల్బమ్ అతని చేతికి అందాలి. కెమెరా కార్డులను అప్పటికే వేరే ఫంక్షన్లకు వాడేశారు. అంటే ఆ తండ్రి బిడ్డ పెళ్లిని చూసుకోవడానికి ఈ డిస్కు తప్ప దిక్కు లేదు. అది పోతే స్టూడియో పేరు ఇక్కడా, మస్కట్‌లోనూ ఒకేసారి పోతుంది.

రాజవ్వ లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది. ఏమైందని అడిగితే రేణుక గొంతు తగ్గించి చెప్పింది. దసరానాడు స్టూడియోలో యంత్రాలకు పూజ చేసింది రాజవ్వ. భర్త లేని మనిషి చేత పూజ ఏమిటని పక్క దుకాణాలవాళ్లు అప్పుడే గొణిగారట.

"దుకాణం పెట్టిచ్చిందే మా అత్త, ఆమెనే చేస్తదని నేనే జిద్దు చేసిన సారూ. పండుగ తెల్లారి నుంచే మిషినుకు గిట్లయింది. ఇగ బజార్ల అందరు గదే అంటుండ్రు."

"అనుడేంది బిడ్డా," అంది రాజవ్వ గుమ్మం దగ్గర్నుంచే. "నా చెయ్యి తగిలినందుకే గిట్లయింది."

ప్రిన్సిపాల్‌ను అడిగి, ఈ పనిని ట్రైనీల ప్రాక్టికల్ కింద రాయించుకొని, క్యాబినెట్ మరలు విప్పాను. అగరుబత్తుల వాసన గుప్పుమంది. ప్రాసెసర్ మీద వేడిని లాగే అల్యూమినియం రేకుల దిమ్మె ఒకటి ఉంటుంది. ఆ రేకుల సందులన్నీ పసుపు కుంకుమలతో పూడిపోయాయి. ఫ్యాను రెక్కలు ఎర్రబారాయి. కొబ్బరినీళ్లు చింది, డిస్కు కేబుల్ మూతి దగ్గర కుంకుమ ముద్దకట్టింది. అరటిపండు దొరకలేదేమో, కాలిన అగరుబత్తి పుల్లలు వెనుక జాలీ కన్నాల్లోనే గుచ్చి ఉన్నాయి. సంగతి అర్థమైపోయింది. వేడి మితిమీరగానే యంత్రం తనంతట తాను ఆగిపోతోంది. ఏదైనా రాస్తుండగా అలా ఆగిన ప్రతిసారీ, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ఇంకాస్త చెడిపోయింది.

ఆ కారణాన్ని అప్పుడే చెప్పడానికి వెనకాడాను. నేను చెన్నూరులో క్రైస్తవ మిషను సంఘంలో పెరిగినవాణ్ణి. మా ఇంట్లో ఆయుధపూజ లేదు. పూజ వల్లే పాడైందని నా నోటి నుంచి వస్తే అది ఎవరికి ఎట్లా వినబడుతుందో నాకు తెలుసు. ముందు డిస్కు సంగతి చూద్దామని ఊరుకున్నాను.

డిస్కును బయటికి తీసి, కొనలు స్పిరిటుతో తుడిచి, ల్యాబులోని యంత్రానికి తగిలించి డీడీరెస్క్యూను నడిపించాను. అది డిస్కు మొత్తానికీ నకలు తీసే పనిముట్టు. బాగున్న చోట్లను ముందు చదువుకుంటుంది, మొండికేసిన చోట్లను చివరికి వదిలిపెడుతుంది, ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుంటుంది. మధ్యాహ్నానికి సగం దాటి అక్కడ నిలబడిపోయింది. డిస్కు టక్కుటక్కుమనడం మొదలుపెట్టింది. ఇంకోసారి చూడమని రేణుక బతిమాలింది. నేను వినలేదు, ఆపేశాను. అలిసిన డిస్కును పదేపదే అడిగితే ఉన్నది కూడా పోతుంది. పూర్తిగా చల్లారనిచ్చి, మర్నాడు పొద్దున అత్తాకోడళ్లు మళ్లీ వచ్చాక టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి, ఈసారి చివర నుంచి వెనక్కి చదవమని ఆదేశం ఇచ్చాను. చెడిన భాగాన్ని రెండోవైపు నుంచి వచ్చి పట్టుకోవడమన్నమాట. మధ్యాహ్నం దాటేసరికి నకలు పూర్తయింది. చదవలేకపోయింది చిటికెడే.

ఆ నకలు మీద టెస్ట్‌డిస్క్ అనే ఇంకో పనిముట్టుతో పట్టికను బాగుచేయబోయాను. లొంగలేదు. ఇక మిగిలింది ఫొటోరెక్. అది పేర్లు, పట్టికలు అడగదు. ప్రతి ఫొటో ఫైలు మొదట్లో ఉండే గుర్తును పట్టుకొని ఒక్కొక్కటే బయటికి లాగుతుంది. ఫొటోలు రావడం మొదలైంది. ముందుగా పుట్టినరోజు ఫ్లెక్సీల కోసం దిగిన నాయకులు దండాలు పెడుతూ బారులుతీరారు.

గుమ్మం నుంచి తొంగిచూసి రాజవ్వ, "గీళ్లు మాత్రం యాడికి పోరు," అంది. ట్రైనీలు పక్కున నవ్వారు.

ఆ వెనుకే పెళ్లి వచ్చింది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ కలగాపులగంగా వచ్చాయి. ప్రతి ఫొటోలోనూ కెమెరా తీసిన వేళ రాసి ఉంటుంది కాబట్టి ఆ వేళలను బట్టి వరుస పెట్టించాను. నాలుగైదు సగం బూడిదరంగు తిరిగి ఉన్నాయి, తక్కినవన్నీ చక్కగా ఉన్నాయి. రేణుక కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆ పూట నాకు పట్టలేనంత గర్వం కలిగింది. నా ట్రైనీల ముందు, నేను నేర్పిన పద్ధతిలోనే, తప్పటడుగు లేకుండా పని జరిగింది.

రాజవ్వ నాకు దండం పెట్టింది. "నీ చెయ్యి మంచిది సారూ. నాదే పాపపు చెయ్యి," అంది.

ఇక ఊరుకోవడం తప్పనిపించింది. ఇంకా కడగని రేకుల దిమ్మెను తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను.

"పూజ చేసిన్నాడు మిషిను నడుస్తుండెనా రాజవ్వా?"

"నడిపిచ్చే చేసినం. బండ్లను చాలు చేసి పూజ చేస్తలేరా?"

"బండికి పూజ చేస్తె పెట్రోలు ట్యాంకి మూత తీసి అండ్ల కుంకుమ పోస్తరా?"

"ట్యాంకికి మూత కనవడ్తది. గీ పెట్టెకు నోరు ఏడుందో మాకెర్కనా సారూ?"

"ఎర్క లేకనే అయింది. ముంగట చల్లిన కుంకుమనంత ఫ్యాను లోపలికి గుంజింది. గాలాడక మిషిను కాగింది. రేణుక చల్లినా, నేను చల్లినా గిట్లనే అయితుండె. ఎవరి చెయ్యి అని ఫ్యాను చూడదు."

ఆమె గోటితో ఒక సందును గీకి, వేలికి అంటిన కుంకుమను చూసింది. "గంతేనా?" అంది. పూజను అవమానించాననుకుంటుందేమోనని నేను భయపడ్డాను. ఆమె లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. తాగాక, ఆ దిమ్మెను కడగవద్దని చెప్పి కొంగులో మూటకట్టుకుంది. ఎక్కడికని రేణుక అడిగితే, "బజార్లకు. ఒక్కొక్కనికి సూపెట్టి వస్త," అంది. సాయంత్రం తిరిగి తెచ్చి ఇచ్చాక కడిగి, ప్రాసెసర్ వేడిని దిమ్మెకు చేర్చే పేస్టు కొత్తది రాసి బిగించాను. ఆల్బమ్ ఆ వారమే మస్కట్ పోయింది.

డిస్కులోంచి పెళ్లిని వెనక్కి తెచ్చిన పనిముట్లు నేను చేసినవి కావు. వాటిని ఏ వరుసలో వాడాలో తెలియడం నా వృత్తి, అందులో నాకు లోటు లేదు. కానీ ఆ రోజు ఫొటోలు అప్పగించి మౌనంగా ఉండి ఉంటే, యంత్రం బాగయ్యేది, నింద మాత్రం రాజవ్వ మీదే ఉండిపోయేది. కారణం చెప్పని చోట జనం మనిషిని వెతుక్కుంటారు. అందుకే రిటైరయ్యేదాకా నా ట్రైనీలకు మరమ్మతులో ఆఖరి మెట్టుగా ఇదే నేర్పాను: ఎందుకు పాడైందో యజమాని చేతిలో పెట్టి చూపించండి, అంతవరకు పని పూర్తయిందని సంతకం చేయకండి.