కిలోల లెక్కన దుఃఖం

గున్‌వోర్ దుఃఖాన్ని కిలోల్లో కొలుస్తుంది. చారిత్రక చిత్రాలకు దుస్తులు కుట్టే మనిషి కదా, గౌన్ల అంచుల్లో గాలానికి కట్టే సీసపు గుళ్లు పెట్టి కుట్టేస్తుంది. విరహానికి అరకిలో, అవమానానికి కిలోన్నర, వైధవ్యానికి ఏకంగా మూడు. "ఏడుపు ముఖం మీదుంటే అది నటన. నడకలో ఉంటేనే దుఃఖం," అంటుంది. ఆ గుళ్ల కోసం స్వీడన్‌లోని మాల్మో రేవులో గాలాలమ్మే కొట్టుకు వెళితే, అక్కడి ముసలాయన "ఈసారి ఏం పడ్డాయమ్మా?" అని ఆశగా అడుగుతాడు. "ఇద్దరు రాణులు, ఒక బిషప్పు," అని చెప్పి వచ్చేస్తుంది.

కెమెరామన్ సిక్స్టెన్‌కి ఆవిడంటే ఒళ్లుమంట. ఇరవై ఏళ్లుగా కలిసి పనిచేస్తున్నారు, ఇరవై ఏళ్లుగా పోట్లాడుకుంటున్నారు.

"అక్కా, జనం టికెట్టు కొనేది ముఖం చూడ్డానికి. గౌను అంచు చూడ్డానికి కాదు!"

"ముఖాలు తీసీ తీసీ నీ ముఖం ఎలా అయిపోయిందో చూసుకున్నావట్రా? కెమెరా కిందికి దించు."

"ఎంత కిందికి? నేలలోకి దిగిపోనా?"

"దిగు, పీడా పోతుంది."

ఒకసారి ఓ యువరాణికి ప్రేమభంగం మోతాదు మించిపోయింది. పరుగున వచ్చి ప్రియుడి ముందు ఆగాల్సిన పిల్ల తలుపు దగ్గరే "నావల్ల కాదు బాబోయ్" అని కూలబడింది. గున్‌వోర్ మాత్రం "ఎంత బాగా వచ్చిందో!" అని మురిసిపోయింది.

ఈ ఏడాది తీస్తున్నది వితంతు రాణి కథ. రాణి వేషం డెబ్భై నాలుగేళ్ల ఆల్ఫ్‌హిల్డ్‌ది. ఎంత గొప్ప నటో అంత మంచి మనిషి. పాపం, చలికాలం నుంచి చేతులు వణుకుతున్నాయి. దర్శకుడు ఫోల్కె అది కనిపెట్టాడు. కాఫీ దగ్గర అందరి ముందే, "రేపు చనిపోయిన రాజుగారి వేలినుంచి ఉంగరం తీసే షాట్. చేతులు నిలవకపోతే, క్షమించాలమ్మా, వేరే ఆవిడను మాట్లాడి ఉంచాను," అన్నాడు. ఆల్ఫ్‌హిల్డ్ తింటున్న యాలకుల బన్ను కింద పెట్టేసింది. ఈ వేషం పోతే ఇక ఏ వేషమూ రాదని అక్కడున్న అందరికీ తెలుసు.

మర్నాడు గున్‌వోర్ నల్లగౌను మోసుకొచ్చి, "మూడు కిలోలు!" అని ప్రకటించింది.

"పెద్దావిడక్కా, కాస్త జాలి ఉండక్కర్లా!" అని సిక్స్టెన్ మండిపడ్డాడు.

లైటు సరిచేసే మిషతో ఆల్ఫ్‌హిల్డ్ గౌను అంచు ఎత్తి చూశాడు. తేలిగ్గా లేచింది. ఒక్క గుండూ లేదు. అనుమానం వచ్చి గౌను చేతి అంచు తడిమాడు. అమ్మో, ఏం బరువు! రెండు మణికట్ల చుట్టూ సీసం వరసగా కుట్టి ఉంది. ఆ బరువు కింద ఆల్ఫ్‌హిల్డ్ చేతులు వణకడం మానేసి ఒళ్లో పడున్నాయి.

సిక్స్టెన్ నోరు తెరిచాడు. గున్‌వోర్ సూది చూపించింది. నోరు మూసేశాడు.

షాట్ మొదలైంది. అతనే కెమెరాను చేతుల దగ్గరికి జరిపాడు. రాణి ఉంగరం తీసింది. ఒక్క వేలూ వణకలేదు. ఇక దాన్ని పెదవుల దాకా ఎత్తి ముద్దుపెట్టుకోవాలి. ఎత్తబోయింది. చెయ్యి లేవదే! ఆల్ఫ్‌హిల్డ్ ఒక్క క్షణం ఆగి, మెల్లగా తనే నడుము వంచి, ఉంగరానికి పెదవులు ఆనించింది. సిక్స్టెన్ కెమెరాతో ఆవిడ వెంటే కిందికి దిగాడు.

"అబ్బ, ఆ వంగడం! ఎక్కడ నేర్చారమ్మా?" అని ఫోల్కె కళ్లు తుడుచుకున్నాడు. "ఆ ఇంకొకావిడకు రావద్దని చెప్పేయండి!"

"చెయ్యి ఎత్తాలనిపించలేదు బాబూ," అంది ఆల్ఫ్‌హిల్డ్ గంభీరంగా.

గున్‌వోర్ కుట్లు విప్పుతున్నంతసేపూ సిక్స్టెన్ తన భారీకాయాన్ని దర్శకుడికి అడ్డంగా పెట్టి, శుభ్రంగా ఉన్న లెన్సునే తుడిచాడు.

"రేపు రాణి మనవరాలి పెళ్లి సీను కదక్కా. సంతోషం బరువెంత?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"సంతోషానికి బరువేంట్రా, పిచ్చోడా," అంది గున్‌వోర్. ఆల్ఫ్‌హిల్డ్ చేతుల వంక ఒకసారి చూసి, సీసం డబ్బా దగ్గరికి లాక్కుంది. "ఈ సినిమాలో మాత్రం అది కూడా మూడు కిలోలే."