కలివిపొదల మీది కుంకుమ

ఆత్మకూరు బస్సు కండక్టరు టాపు మీది మూటలు దించుతూ చెప్పాడు, ఉదయగిరి హైస్కూలు సైన్సు అయ్యవారు తెల్లవారుజామున పోయారని. చేతిలోని చర్నాకోల అక్కడే పడేసి తిరుగు బస్సెక్కాను. నేను ఆయన దగ్గర చదువుకున్నవాణ్ణి కాను. దుత్తలూరు దగ్గర సజ్జ పండించుకునే రైతును. అయినా ఆయన గురించి నాలుగు మాటలు రాయాల్సింది నేనే.

సెలవు దొరికితే ఆయన ఉదయగిరి కొండ కింద పొదల్లో దూరేవారు. జేబులో భూతద్దం, చంకలో పాత పేపర్ల కట్ట, వాటి మడతల్లో తెగులు పట్టిన ఆకులు. "మంచి ఆకును ఎవురైనా చూస్తారబ్బయ్యా, రోగమొచ్చిందాన్ని చూసేవోడు కావాల" అనేవారు. పిచ్చి అయ్యోరని మా వాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు మా సజ్జకు కుంకుమ తెగులు తగిలింది. చేలో నడిస్తే పంచె ఎర్రబడేది. ఆ వానల్లోనే కొండవాలు మీది కలివిపొదలకూ అదే రంగు పొడి పట్టి ఆకులు మెలికలు తిరిగాయి. "కొన్ని తెగుళ్లు సగం బతుకు ఒక చెట్టు మీద, సగం ఇంకో చెట్టు మీద బతుకుతాయి" అని అయ్యవారు ఒకసారి చెప్పగా విన్నాను. ఆ తర్వాతి మాట వినే ఓపిక నాకెక్కడిది? మా సజ్జ తెగులుకు ఆ రెండో చెట్టు కలివేనని తేల్చేసుకుని, పదిమందిని వెంటేసుకుని గొడ్డళ్లతో కొండకు పోయాను.

నరికాం. వేళ్లు పెకలించాం. కుప్పలేసి కిరసనాయిలు పోసి తగలబెట్టాం. పొదల్లోని కౌజుపిట్టలు రెక్కలంటుకుని ఎగిరి పడ్డాయి. ఆ కలివికాయలు సంతలో అమ్ముకుని బతికే అవ్వ ఒకామె మా కాళ్లకు అడ్డం పడి, "నా నోటికాడి కూడురా నాయనా" అని ఏడ్చింది. ఆమెను జుట్టు పట్టి పక్కకు ఈడ్చింది నేనే. అప్పుడే అయ్యవారు పరుగెత్తుకొచ్చి, మిగిలిన ఒక్క పొదకు అడ్డంగా నిలబడ్డారు.

"అది వేరే తెగులురా! సజ్జకు రాదు!"

"జరుగు అయ్యోరా!"

జరగలేదు. గొడ్డలి తిరగేసి కొట్టాను. మణికట్టు విరిగిన చప్పుడు మంటల చిటపటల్లోనూ వినబడింది.

నెల తిరక్కుండా, చెయ్యి మెడకు కట్టుకుని మా ఇంటికొచ్చారు. తిట్టడానికనుకున్నాను. నేరుగా పెరట్లోకి పోయి, మా ఆవిడ పెంచుకునే వంగమొక్క ఆకును ఎడమచేత్తో తిరగేసి చూపించారు. అడుగున నారింజరంగు పొక్కులు.

"సజ్జ తెగులుకు ఇంకో ఇల్లు ఇదిరా. నీ పెరట్లోనే ఉండాది."

రక్తం తలకెక్కి మళ్లీ గొడ్డలందుకున్నాను. ఆయన నా మీద కోప్పడింది ఆ ఒక్కసారే. "మళ్లా అదేనా? ఆకు గిల్లితే పోయేదానికి గొడ్డలెందుకురా?" ఇద్దరం పొద్దుగూకే దాకా ఆకులు గిల్లాం. అవ్వ మాత్రం అప్పటికే ఊరొదిలి పోయింది. సీతారామపురం దాకా వెతికాను, దొరకలేదు.

చేతికేమయిందని అడిగిన వాళ్లందరికీ కొండలో జారిపడ్డానని చెప్పారట. ఆ ఎముక సరిగా అతుక్కోలేదు. పాడె మీద పడుకోబెట్టాక ఎంత అదిమినా ఆ చెయ్యి ఒంటికి ఆనక పైకే లేస్తోంది.

"ఎప్పుడో జారిపడినారంట, పాపం" అన్నాడు తాడు కట్టే అతను.

"జారిపడలా. నేను కొట్టినాను" అన్నాను.

తాడు పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. నేను ముందుకు పోయి ఆ మణికట్టును రెండు చేతుల్లోకి తీసుకున్నాను. శ్మశానం దాకా అలాగే పట్టుకుని పాడె పక్కన నడిచాను.