వచ్చినవా అత్తా?

తొర్రూరులో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలిని అవ్వ అని పిలిచేవాడిని. హాల్లో బీరువా తలుపు దానంతటదే తెరుచుకున్నప్పుడల్లా ఆమె చేతిలో పని వదిలి, "వచ్చినవా అత్తా?" అని పలకరించేది. ఆ అత్త పోయి చాలా ఏళ్లయింది.

నేను బడిలో సైన్సు చెప్పేవాడిని. ఊరుకోలేక, నేల వాలుగా ఉందని గోలీ దొర్లించి చూపించాను.

"గోలీని గుడ ఆమెనే నూకుతాంది సారూ," అంది అవ్వ.

నా సైన్సు గెలవాలని బీరువా కాళ్ల కింద అట్టముక్క పెట్టాను. తలుపు కదలడం మానేసింది. ఆ మధ్యాహ్నం అవ్వ అన్నం ముట్టలేదు.

"అత్త అలిగింది. బతికున్నప్పుడు గుడ గిట్లనే అలిగేది. నేనే ఒక్కనాడన్న బతిమిలాడకపోతి," అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

గుట్టుగా అట్టముక్క తీసేశాను. అయినా తలుపు తెరుచుకోలేదు. మర్నాడూ అంతే. అవ్వ కూరగాయలకు వెళ్లగానే, ఇంత చదువుకున్న నేను బీరువా ముందు చేతులు జోడించాను. "అమ్మా, తప్పయింది. జర రావమ్మా."

తలుపు కిర్రుమంది. చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. సంచితో ఎదురొచ్చిన అవ్వ నా మొహం చూసి వెలిగిపోయింది.

"వచ్చిందా సారూ?"

"వచ్చిందవ్వా," అన్నాను రొప్పుతూ.