వెనక వరస తుపాకులు

చేతికందే పెళ్లి సంబంధాన్ని వేలెడంత బొమ్మలతో పోయేదాకా ఎట్లా తెచ్చుకోవాలో తెలుసుకోవాలంటే నన్నే అడగాల. ఈ విద్యలో నన్ను మించినోడు మదనపల్లె చుట్టుపక్కల లేడు.

అప్పుడు నాకు ఒక పిచ్చి ఉండేది. పాలెగాళ్ల కాలం సిపాయిల్ని చిన్న చిన్న బొమ్మలుగా చేసి రంగులేసేవాణ్ణి. ఆఫీసులో నాతో పనిచేసే స్టెల్లాను పెళ్లి చేసుకోవాలని ఆశ. "మా నాయన ఒప్పుకుంటేనే" అనేసింది. ఆ నాయన కుప్పంలో ఉంటాడు, మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. మిలిటరీ మనిషికి మిలిటరీ కానుకే ఇద్దామనుకున్నా. చూశారా తెలివి!

తుపాకీ పేల్చే భంగిమ అచ్చం నిజంలా ఉండాలని బూజుకర్ర భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి, అద్దం ముందర నిలబడినా. మోకాలిమీద కూర్చుని మళ్లీ గురిపెట్టినా. మా అమ్మ చూసి, "యాలప్పా, బూజు దులపమంటే దాన్ని బెదిరిస్తాండావు?" అనింది.

నిలబడి పేల్చే సిపాయిలకు రంగులు భలే కుదిరినాయి. బాగా కనపడాలని వాళ్లను ఒక చెక్కపలకమీద ముందర వరసలో అతికించినా. మోకాలేసినోళ్లను వెనక.

పలకను అట్టపెట్టెలో సర్ది, ఒళ్లో పెట్టుకుని కుప్పం బస్సెక్కినా. పుంగనూరు దాకా ప్రతి గుంతకూ నా ప్రాణం పోయి వచ్చింది. పక్కనుండే పెద్దాయన అడిగినాడు, "కోడిపిల్లలాప్పా?"

"కాదు తాతా, సిపాయిలు."

"ఊపిరాడతాదా వాళ్లకి?"

"నాకే ఆడడంలేదు తాతా."

కుప్పంలో హవల్దారు సారు కళ్లద్దాలు పెట్టుకుని బొమ్మలమీదికి వంగినాడు. ముందురోజే ఇంటికొచ్చిన స్టెల్లా తలుపుకాడ గోళ్లు కొరుక్కుంటాండాది.

"గురి బాగుండాది. మోచెయ్యి బాగుండాది" అన్నాడు. అమ్మయ్య అనుకున్నా.

"అయితే ఒక మాటప్పా. ఈ ముందర నిలబడుకున్నోళ్లు ఏం తప్పు సేసినారు?"

"ఏమీ సేయలేదే సార్."

"మరి వెనకోళ్లు యాల వాళ్లని కాలుస్తాండారు?"

వంగి చూసినా. ఓరి దేవుడా! మోకాలేసినోళ్ల తుపాకులన్నీ ముందరోళ్ల పిర్రలకే గురిపెట్టి ఉండాయి. అంత నిజంగా చేసి చచ్చినానే, ఒక్క గుండు కూడా తప్పేది కాదు. తప్పైందని ఒప్పుకుంటే పోయేదానికి, "వాళ్లు... సెలవు ఇవ్వలేదని తిరగబడినోళ్లు సార్" అనేసినా.

"సెలవు మాకూ ఇయ్యలేదు. మేమెవుర్నీ కాల్సలేదే?"

పెళ్లి పోయినట్టే, బస్సు టైమెంతో కనుక్కోవడమే మిగిలింది అనుకున్నా. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి కూతురివైపు తిరిగినాడు.

"ఏమ్మా, ఈయప్పేనా?"

"ఈయప్పే నాయనా."

పెద్దగా నిట్టూర్చినాడు. "సరే, సేసుకో. పెళ్లి ఫొటోలో మాత్రం ఈయప్ప నా ముందర నిలబడాల. నా వెనక వద్దు."

ఆ సాయంత్రం కుప్పం బస్టాండులో నిలబడి, గుండెమీద చెయ్యేసుకుని ఒట్టు పెట్టుకున్నా. బొమ్మలైనా సరే, మనుషులైనా సరే, ముందర ఎవరుండారో చూసుకోకుండా ఈ జన్మలో ఎవరి చేతికీ తుపాకీ ఇవ్వను. మామ చేతికైతే అసలే ఇవ్వను.